ఏడు గడుల అడవి

మా మావయ్యకి సమాధి లేదు. చెట్టు ఉండేది.

మావయ్య అంటే మా మేనత్త భర్త. రేపల్లె దాటి సముద్రం వైపు పోతే, ఏటి పాయలు ఉప్పునీళ్ళలో కలిసే చోట మడ అడవి ఉంది. నీళ్ళలోనే పుట్టి, నీళ్ళలోనే పెరిగే చెట్లు. ఆ అడవి అంచున ఉన్న పల్లెలో వాళ్ళిద్దరూ మండపీతలు పట్టి బతికేవాళ్ళు. అమ్మ పోయాక నాన్న నన్ను అత్త చేతిలో పెట్టి పని వెతుక్కుంటూ వెళ్ళాడు, వెళ్ళినచోటే ఇంకో కాపురం పెట్టాడు. కాబట్టి నాకు అమ్మైనా నాన్నైనా వీళ్ళిద్దరే. నేను నాలుగో తరగతిలో ఉండగా తుఫాను వచ్చింది. పడవని భద్రంగా కట్టేసి వస్తానని మావయ్య మడలోకి వెళ్ళాడు. మూడో రోజున పడవ దొరికింది, ఒక పెద్ద నల్లమడ చెట్టు మొదట్లో, వేళ్ళ మధ్య ఇరుక్కుని. తాడు చెట్టుకి కట్టే ఉంది. ఆ ముడి మావయ్యదేనని అత్త చూడగానే చెప్పింది. మావయ్య మాత్రం దొరకలేదు.

మాది లూథరన్ కుటుంబం. ఈస్టర్ ముందు శనివారం నాడు మావాళ్ళంతా సమాధులకి సున్నం వేస్తారు. ఆదివారం పొద్దున్నే పూలు పెట్టి, కొవ్వొత్తి వెలిగించి, అక్కడే ప్రార్థన చేసుకుంటారు. ఆ ఏడు అందరూ బకెట్లు పట్టుకుని సమాధుల దొడ్డికి పోతుంటే, అత్త తన బకెట్ పడవలో పెట్టుకుని, నన్ను కూడా ఎక్కించుకుని మడలోకి బయల్దేరింది. పడవ దొరికిన చెట్టుకి సున్నం వేసింది. ఈ సంగతి చర్చి అయ్యగారి చెవిన పడింది. చెట్టుకి సున్నం వేయడం మన పద్ధతి కాదు కదమ్మా అని ఆయన మెల్లిగా మందలించారట. "నాకు రాయి లేదండి అయ్యగారూ, ఉన్నదానికే వేసుకుంటున్నా" అంది అత్త. ఆయన మళ్ళీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

సున్నం వేయడానికి అత్తకో పద్ధతి ఉండేది. రెండు రోజుల ముందే గుల్లసున్నం కుండలో పోసి నీళ్ళు కొట్టేది. అది బుడబుడమని ఉడికి చల్లారాక పాత చీర గుడ్డలో వడగట్టి, తొందరగా రాలిపోకుండా కాస్త గంజి కలిపేది. సముద్రం వెనక్కి తగ్గే వేళ, అంటే పాటు వేళ చూసుకుని వెళ్ళేవాళ్ళం. పోటు మీద వెళ్తే చెట్టు మొదట్లో నడుం లోతు నీళ్ళుంటాయి. బురదలో పాదం దిగబడకుండా, పైకి పొడుచుకొచ్చిన ఊపిరి వేళ్ళ పక్కన ఎక్కడ అడుగు వేయాలో అత్తకి తెలుసు. చెట్టు మీద పోటు నీళ్ళు వదిలిపోయిన గుర్తు ఒకటి గీత గీసినట్టు ఉండేది. ఆ గీతకి జానెడు పైనుంచి మొదలుపెట్టి, తన చెయ్యి ఎంతవరకు అందితే అంతవరకు వేసేది. అత్త పొట్టిది. అందుకని ఆ తెల్లటి పట్టీ ఎప్పుడూ ఒకటే ఎత్తులో ఆగేది. పైన కూడా వేద్దాం, నేను ఎక్కుతానంటే ఒప్పుకునేది కాదు. పని అయ్యాక కొవ్వొత్తి వెలిగించి, "ఇదుగో, పిల్ల ఆరో తరగతికొచ్చింది" అని ఒక్క ముక్క చెప్పేది. మావయ్యకి చెప్తోందో దేవుడికి చెప్తోందో నాకు తెలిసేది కాదు. మళ్ళీ ఏడాది ఏడో తరగతి అని చెప్పేది. అంతే ఆమె ప్రార్థన.

నన్ను తెనాలిలో హాస్టల్లో వేసింది. సెలవుల్లో మడకి తీసుకెళ్ళమంటే తిట్టేది, చదువుకోమనేది. ఒక్క ఈస్టర్‌కి మాత్రం తనే వచ్చి తీసుకెళ్ళేది. మావయ్య పడవని అత్త అమ్మేశాక మా పల్లెలోనే ఒకాయన తన పడవలో మమ్మల్ని తీసుకెళ్ళేవాడు. అత్తని అక్కా అనేవాడు, నేను ఆయన్ని బాబాయ్ అనేదాన్ని. గెడ వేస్తూ ఒక్క మాట కూడా మాట్లాడని మనిషి. నాకేమో నోరు ఊరుకోదు. ఆ రెండు గంటలూ ఆయన్ని ప్రశ్నలతో చంపేదాన్ని. ఆ చెట్టేంటి, ఆ పక్షేంటి, నీళ్ళెందుకు నల్లగా ఉన్నాయి. పది ప్రశ్నలకి ఒకటి చొప్పున జవాబు వచ్చేది.

చదువు అయ్యి ఉద్యోగం వచ్చాక అత్తని తెనాలి తెచ్చుకున్నాను. నాకు పెళ్ళి కాలేదు, ఆ కథ ఇక్కడ అక్కర్లేదు. నా ఆఫీసు బాపట్లలో. బాపట్లలోనే ఇల్లు తీసుకుందాం, రోజూ రైల్లో పడి తిరగడం ఎందుకంటే అత్త వినలేదు. రేపల్లె బండి తెనాలి నుంచే బయల్దేరుతుంది కదా అంది. ఏడాదికి ఒక్కసారి ఎక్కే బండి కోసం నేను రోజూ రెండుసార్లు ఎక్కి దిగాలన్నమాట. రెండు రోజులు మూతి ముడుచుకుని కూర్చున్నాను. చివరికి స్టేషన్ దగ్గర్లోనే ఇల్లు తీసుకున్నాం. బండి కూత వినపడితే అత్త చేతిలో పని ఆపేది. ఫలానా బండి అని తనకి తనే చెప్పుకునేది. ఎప్పుడూ తప్పలేదు.

ఇక నా పని సంగతి. నేనేం చేస్తానో మా వీధిలో ఎవరికీ అంతుపట్టదు. శాటిలైట్ అనగానే మా టీవీ డిష్ సరిగ్గా రావట్లేదు, చూసిపెడతావా అమ్మా అని ఒకాయన అడిగాడు. నేను చేసేది వేరు. ఆకాశం మీంచి ఉపగ్రహం తీసిన బొమ్మలు ఏళ్ళ తరబడి దాచి ఉంటాయి. నేను చదువుకునే రోజులకి ముందువి కూడా ఉంటాయి. ఒకే చోటువి, పాతదీ కొత్తదీ తీసుకుని ఒకదాని మీద ఒకటి పేర్చి, అప్పుడు అడవి ఎంత ఉంది, ఇప్పుడు ఎంత ఉంది, మధ్యలో ఎంత పోయింది, పోయినచోట ఏమొచ్చింది అని లెక్క తేల్చాలి. సముద్రం ఒడ్డున మడలు ఉన్న వేడి దేశాలన్నిటిలోనూ ఇలాంటి పని ఎవరో ఒకరు చేస్తూనే ఉన్నారని మా సార్ చెప్పేవారు. మా వంతుకి మా తీరం వచ్చింది.

బొమ్మ అంతా చిన్న చిన్న గడులుగా ఉంటుంది. ఒక్కో గడి నేల మీద ముప్పై మీటర్ల పొడుగు, ముప్పై మీటర్ల వెడల్పు. ఇంకో చిత్రం ఏంటంటే, మేము వాడే బొమ్మల్లో పచ్చదనం పచ్చగా ఉండదు, ఎర్రగా ఉంటుంది. చెట్లు బాగా కనపడటానికి రంగులు అలా మారుస్తారు. మడ అడవి ముదురు ఎరుపు, వరి చేలు గులాబీ, నీళ్ళు నలుపు. మొదటిసారి అత్తకి చూపిస్తే నా మొహం వంక చూసి, అడవి ఎర్రగా ఉండటమేంటే, కళ్ళు గానీ దెబ్బతిన్నాయా అంది. కానీ ఆ ఎరుపులో నల్లటి దారంలా మెలికలు తిరిగిన పాయ మీద వేలు పెట్టి, ఇది మన పాయ కదూ అని తనే పోల్చుకుంది. ఆ వేలు మెల్లిగా ఒక మెలిక, రెండో మెలిక, పాయ చీలిన చోట ఎడమకి జరిగి ఆగింది. చెట్టు ఉన్న చోటు అదే.

ఆఫీసులో నాకు గొప్ప పేరుండేది. మిగతావాళ్ళు సరుగుడు తోటని చూసి మడ అనుకునేవాళ్ళు. రెండూ ఎరుపే. నేను చూడగానే చెప్పేదాన్ని. బొమ్మ తీసిన వేళ పోటు ఉంటే నీళ్ళు పైకొచ్చి, లేత మడ సగం మునిగి, అడవి పోయినట్టు కనిపిస్తుంది. అక్కడ అడవి పోలేదండి, అది పోటు అని నేను అడ్డుపడేదాన్ని. నీకెలా తెలుసని అడిగితే అక్కడే పెరిగానని తల ఎగరేసేదాన్ని. ఆ టెక్కు తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

మా పనిలో ఆఖరి మెట్టు ఒకటుంది. ఆఫీసులో దాన్ని దులపడం అనేవాళ్ళం. బొమ్మని కంప్యూటరు అడవి, చెరువు, పొలం అని విడదీశాక, ఎక్కడపడితే అక్కడ ఒకటీ రెండూ గడులు వేరే రంగులో చెదురుమదురుగా మిగులుతాయి. ఎక్కువగా అవి మేఘం నీడో, గట్టు మీద పిచ్చిమొక్కలో అయ్యుంటాయి. వాటిని అలాగే ఉంచితే మ్యాపు అంతా మురికిగా కనిపిస్తుంది, లెక్కలు కూడా కుదరవు. అందుకని పది గడుల కన్నా చిన్న ముక్క ఏదున్నా దాని చుట్టూ ఏముందో అందులో కలిపెయ్యాలి. చెరువుల మధ్య ఉంటే చెరువు. అడవి మధ్య ఉంటే అడవి. ఒక్క మీట నొక్కితే చాలు. మ్యాపు శుభ్రంగా అయిపోతుంది. ఆ శుభ్రమైన మ్యాపు చూస్తే నాకు ఇల్లు ఊడ్చుకున్నంత హాయిగా ఉండేది.

కరోనా ఏళ్ళలో ప్యాసింజర్ బళ్ళు ఆపేశారు. రెండు ఈస్టర్లు చెట్టు దగ్గరికి వెళ్ళలేదు. అత్త ఆ రెండు శనివారాలూ అన్నం సరిగ్గా తినలేదు. బళ్ళు మళ్ళీ తిరగడం మొదలయ్యాక, మూడో ఏడు ఈస్టర్‌కి పది రోజులుందనగా, మా పల్లె నుంచి ఎవరో ఆసుపత్రి పనిమీద తెనాలి వచ్చి మా ఇంట్లో మంచినీళ్ళు తాగి వెళ్ళారు. పాయ చీలిన వైపంతా రొయ్యల చెరువులు తవ్వేశారని మాటల్లో చెప్పారట. అప్పుడు నేను బాపట్లలో ఆఫీసులో ఉన్నాను. అత్త ఫోన్ చేసింది. అత్త తనంతట తను ఫోన్ చేయడం అదే మొదటిసారి.

"చెట్టు ఉందా అమ్మాయ్? నీ బొమ్మలో చూసి చెప్పు."

ఆ రోజు నాకు తల తిరిగేంత పని. లెక్కల కాగితాలు మర్నాటికల్లా పంపాలి. ముక్కు మీద కోపంతో కూర్చుని ఉన్నాను. ఆ తీరం మ్యాపు అంతకుముందు నెలలోనే నేను పూర్తి చేశాను. నా చేత్తోనే దులిపాను. అది తెరిచాను. ఒక మెలిక, రెండో మెలిక, చీలిన చోట ఎడమకి. అక్కడ చెరువు రంగు. చుట్టూ కూడా చెరువు రంగే. నోట్లోంచి మాట విసురుగా వచ్చింది. "లేదత్తా. పోయింది. అంతా చెరువులే. ఇక దాని గురించి ఆలోచించకు."

అసలు బొమ్మ, అంటే దులపకముందుది, అదే కంప్యూటర్లో ఉంది. తెరవడానికి రెండు నిమిషాలు పట్టేది. తెరవలేదు. నా మ్యాపు మీద నాకంత నమ్మకం.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి అత్త గడపలో కూర్చుని ఉంది. కోపంగా లేదు, ఏడవలేదు. ఎప్పుడు పోయిందో చెప్పగలవా అని అడిగింది. ఆ బొమ్మలు రోజూ చూసేవి కావత్తా, ఒకటి కొన్నేళ్ళ కిందటిది, ఇంకొకటి మొన్నటిది, ముందు దాంట్లో ఉంది, తర్వాత దాంట్లో లేదు, మధ్యలో ఎప్పుడో పోయింది అని చెప్పాను.

"మీ మావయ్యా అంతేగా" అంది అత్త. "పొద్దున ఉన్నాడు. మూడో రోజుకి లేడు. మధ్యలో ఎప్పుడో."

లోపలికెళ్ళి అన్నం పెట్టాను. ఇద్దరం తిన్నాం.

అప్పటికే కుండలో సున్నం ఉడికి ఉంది. దాన్ని పక్కింటివాళ్ళకి ఇచ్చేసింది. బకెట్ కడిగి, పెరట్లో బోర్లించింది. కుంచె కూడా కడిగి దండెం మీద ఆరేసింది. ఆ ఈస్టర్‌కి ఆరాధనకి గుడికి వచ్చింది గానీ, అందరితో పాటు సమాధుల దగ్గరికి రాలేదు. తర్వాతి ఏడు కూడా అంతే. బకెట్ బోర్లించే ఉంది. మధ్యమధ్యలో మాత్రం, ఆ పాత బొమ్మ ఒకసారి చూపించవే అని అడిగేది. నా ఫోన్లో పెట్టుకున్నాను. అత్త ఎర్రటి అడవి మీద వేలు జరిపి, రెండు మెలికలు దాటి, ఎడమకి తిరిగి ఆగేది. వేలు తగిలి బొమ్మ పెద్దదై గడులు గడులుగా విడిపోయేది. మళ్ళీ చిన్నది చేసి ఇచ్చేదాన్ని. కొత్త బొమ్మ చూపించమని ఒక్కసారీ అడగలేదు. రేపల్లె బండి కూత వినపడినా చేతిలో పని ఆపడం మానేసింది. అది నేను చాలా ఆలస్యంగా గమనించాను.

ఆ క్రిస్మస్‌కి ముందే జ్వరం వచ్చి, నాలుగు రోజుల్లో అత్త పోయింది. తెనాలిలోనే సమాధి చేశాం. సిమెంటు పలక, మీద సిలువ. రాయి లేదని ఇక ఎవరూ అనక్కర్లేదు. మావయ్య పక్కన పెట్టలేకపోయానన్న బాధ మాత్రం నాకు పోలేదు. పక్కన పెట్టడానికి ఆయన ఎక్కడున్నాడని.

తర్వాతి ఈస్టర్ శనివారం, బోర్లించిన బకెట్ నేనే తిరగేశాను. అత్త చేసినట్టే రెండు రోజుల ముందు సున్నం ఉడికించి, వడగట్టి, గంజి కలిపాను. గంజి ఎక్కువైంది. పొద్దున్నే వెళ్ళి అత్త సమాధికి వేశాను. చిన్న సమాధి, తొందరగా అయిపోయింది. బకెట్లో సగం సున్నం మిగిలింది. పారబొయ్యబుద్ధి కాలేదు. ఇంటికి తీసుకెళ్ళబుద్ధి కాలేదు. స్టేషన్లో రేపల్లె బండి కూత వినపడింది. ఏం ఆలోచించుకున్నానో నాకే తెలియదు, బకెట్ మీద మూత బిగించి, కుంచె సంచిలో పెట్టుకుని వెళ్ళి ఎక్కేశాను. చెరువైనా సరే, ఆ చెట్టు ఉన్నచోట నీళ్ళలో ఆ సున్నం పోసి వద్దామనిపించింది. బండిలో ఎదురుగా కూర్చున్న పెద్దావిడ, పెరుగా అమ్మా, ఎంతకిస్తావు అని అడిగింది. సున్నమండి అంటే కాళ్ళు దగ్గరికి లాక్కుంది.

పల్లెకి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. బాబాయి ఒడ్డున వల బాగుచేసుకుంటున్నాడు. ముసలివాడయ్యాడు. నన్ను చూసి, చేతిలో బకెట్ చూసి, లేచి పడవ తాడు విప్పాడు. అత్త పోయిన సంగతి ఆయనకి అప్పట్లోనే చెప్పించాను. పాటు మొదలైంది, ఇప్పుడైతే సరిపోద్ది, కూర్చో అన్నాడు.

పాయ నేనెరిగిన పాయ కాదు. రెండు వైపులా గట్లు, గట్ల మీద కరెంటు స్తంభాలు, నీళ్ళని చిలికే చక్రాల చప్పుడు. నేను మ్యాపులో చూసిందే. చెరువు, చెరువు, చెరువు. చెప్పింది నిజమే కదా అని నాకు నేను చెప్పుకుంటున్నాను. రెండో మెలిక తిరిగాం. చీలిన చోట బాబాయి గెడ ఎడమకి వేశాడు. గట్టు దాటగానే పడవ నీడలోకి వెళ్ళింది. తలెత్తి చూశాను. ఆకులు.

పెద్ద అడవేం కాదు. ఎకరన్నర ఉంటుందేమో. మూడు వైపులా చెరువు గట్లు, నాలుగో వైపు పాయ. మధ్యలో గుబురుగా మడ, బురదలో ఊపిరి వేళ్ళు, వేళ్ళ మీద ఎర్రటి చిన్న పీతలు. పాయ వైపుకి వంగి నల్లమడ. దాని నడుముకి పాచిపట్టి, సగం రాలిపోయి, అయినా తెలుస్తున్న తెల్లటి పట్టీ. మా అత్త చెయ్యి అందినంత ఎత్తు.

బాబాయి గెడ బురదలో గుచ్చి పడవ ఆపి, నా వంక చూడకుండా చెప్పడం మొదలుపెట్టాడు. జీవితంలో ఆయన అంత మాట్లాడటం నేను వినలేదు. చెరువులు తవ్వేటప్పుడు ఇటువైపు నుంచి పొక్లెయిన్ కొట్టుకుంటూ వచ్చిందట. నడిపేవాడిది ఎక్కడో పైఊరు. గుబురు తొలుచుకుని ఈ చెట్టు దాకా వచ్చేసరికి తెల్లటి మొదలు, కొమ్మ సందులో కరిగిపోయిన కొవ్వొత్తి ముక్క కనిపించాయట. ఎవరినో పూడ్చిన చోటు, నేను మిషను పెట్టనని దిగిపోయాడట. చెరువు ఆసామి వచ్చి అరిచాడు, బతిమాలాడు, లాభం లేకపోయింది. చివరికి చుట్టూ గట్టు వేసి ఈ ముక్క వదిలేశారట. ఆ తర్వాత ఇంకెవరూ ముట్టుకోలేదు.

అత్త సున్నమే దాన్ని కాచింది. ఆ ముక్క నా బొమ్మలోకీ వచ్చే ఉంటుంది. చెరువుల మధ్య చిన్న ఎర్రటి ముక్క, పది గడుల కన్నా తక్కువ. నేను మీట నొక్కాను.

"మరి అత్తకి ఎందుకు చెప్పలేదు బాబాయ్?"

"చెప్పానమ్మా" అన్నాడు. "ఆ ఏడు రాలేదేంటని ఫోన్ చేసి మరీ చెప్పా. చెట్టుందక్కా, నా కళ్ళతో చూసొచ్చా అని. వినలేదు. లేదు తమ్ముడూ, మా పిల్ల పైనుంచి చూసింది, మా పిల్ల చూసిందంటే అది తప్పదు, నువ్వు నా మనసు కోసం చెప్తున్నావు అంది."

నేను ఏడ్చాను. సిగ్గుపడకుండా, పడవ అంచు పట్టుకుని, చిన్నపిల్లలా ఏడ్చాను. నా చదువు మీద అంత నమ్మకం పెట్టుకోకపోతే అత్త ఇంకో రెండుసార్లు ఈ చెట్టు దగ్గరికి వచ్చేది. హాస్టల్లో వేసిందీ, మడకి రావద్దని తిట్టిందీ, చదువుకో చదువుకో అని ప్రాణం తీసిందీ, ఆఖరికి నేనొక మాట చెప్తే ఎదురు అడక్కుండా నమ్మడానికా?

బాబాయి ఓదార్చలేదు. పోటు మళ్ళుతుంది, కానియ్యి అన్నాడు. దిగాను. బురదలో మోకాళ్ళ దాకా దిగబడ్డాను. అడుగు ఎక్కడ వేయాలో మర్చిపోయాను. కుంచె ముంచి కిందనుంచి వేయబోతే, పైకెయ్యమ్మా, గీత పైకి, మీ అత్త అలాగే వేసేది అని పడవలోంచి చెప్పాడు. నేను అత్త కంటే పొడుగు. చెయ్యి ఇంకా పైకి అందుతోంది. పాత పట్టీ ఎక్కడ ఆగిందో అక్కడే ఆపాను. కొవ్వొత్తి తెచ్చుకోలేదు. చెప్పాల్సింది మాత్రం చెప్పాను. ఇదుగో, అత్త వచ్చేసింది అని.

సోమవారం ఆఫీసుకి వెళ్ళగానే దులపకముందు బొమ్మ తెరిచాను. నల్లటి చెరువుల మధ్య ఎర్రటి గడులు. ఏడు. ఒక్కొక్కటీ వేలుపెట్టి లెక్కపెట్టాను. సార్ దగ్గరికెళ్ళి జరిగిందంతా చెప్పాను. నియమం పక్కనపెట్టి ఆ ముక్క మ్యాపులో పెట్టాలని అడిగాను. ఆయన మంచివారు, మొత్తం విన్నారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఒక్క చోట మారిస్తే అన్ని చోట్లా మార్చాలమ్మా అన్నారు. మారిస్తే మార్చాలి, ఏం పోయింది అని గొంతు పెంచి వచ్చేశాను. మర్నాడు వెళ్ళి క్షమాపణ చెప్పుకున్నాను. మ్యాపులో అక్కడ ఇప్పటికీ చెరువే ఉంది. అడవి పోయిందని తేల్చిన మొత్తంలో మా ఏడు గడులూ కలిసే ఉన్నాయి. నేను చేయగలిగిందల్లా ఒకటే. దులపబోయే ముందు ఒక్కో ముక్కనీ పెద్దది చేసి చూస్తాను. చిన్న ముక్కలన్నిటికీ వేరే జాబితా రాసి, మ్యాపుతో పాటు జతచేస్తాను. పని నాలుగు రెట్లు ఆలస్యమవుతోందని ఆఫీసులో సణుగుతున్నారు. ఇలాంటి ముక్కలు అంతకుముందు ఎన్ని దులిపేశానో, ఎక్కడెక్కడ ఎవరికి లేదని చెప్పేశానో తలుచుకుంటే ఆ సణుగుడు నాకు చెవికెక్కదు.

ఈ ఏడు ఈస్టర్‌కి ముందు నా దగ్గర కొత్త బొమ్మ ఉంది. మబ్బుల్లేని రోజున తీసింది. పాయ, మెలికలు, అన్నీ స్పష్టంగా ఉంటాయి. తెరవబోయి ఆగాను. ఫోన్ తీసి బాబాయికి చేశాను.

"చెట్టు ఉందా బాబాయ్?"

"ఉందమ్మా. నిన్ననే అటు వెళ్ళొచ్చా."

నమ్మాను. నమ్మి, గుల్లసున్నం కొనుక్కురావడానికి బజారుకి బయల్దేరాను.